దిగేటప్పుడు అడగలే

ఖాట్మండుల, కాన్సులేటు అద్దమెనుక పిల్ల
హిందీల అడిగింది, టిబెట్‌కు ఎందుకని.

ముప్పై రెండేండ్లు బాయి దిగిన.
దిగేటందుకు ఇత్తడి బిళ్ళ చాలు,
నెంబర్ జూసుకునుడే,
ఎందుకని ఒక్కనాడు అడగలే.

ఫారంల 'పర్యటన' అని నింపింది
గోదావరిఖని చౌరస్తాల జిరాక్సు ఓదెలు.
ఫోటోల నవ్వద్దన్నడు, చెవులు కనవడాలన్నడు.
నొసటి మీద బొగ్గు దిగిన నీలం గీతను
కంప్యూటర్ల తుడుస్తనంటే
వద్దన్న.

కట్టెతోని పైకప్పు తట్టి
చప్పుడు ఇనుకుంట బతికినోన్ని,
మీద ఏమీ లేని జాగ ఒక్కపారి జూడాలె.
ఇది హిందీల ఎట్లంటరో నాకు రాలే.
"పహాడ్" అన్న.

సోమారం రమ్మన్నది.
సోమారం పోతే బుధవారం.
బుధవారం కిటికీ మూసున్నది,
తిరుగు టికెట్ బేస్తారానిది.
అయిన పైసలు లెక్కవెట్టి మా పోసక్క
నెల రోజులు మాట్లాడలే.

ఇప్పుడు పొద్దుగాల్నే
ఓపెన్‌కాస్ట్ మట్టిగుట్ట ఎక్కుతున్న.
అన్నేండ్లు మా నెత్తి మీదున్న మన్నే,
కాళ్ళ కిందికొచ్చింది.
మొన్న గార్డు పిలగాడు కట్టె అడ్డం వెట్టిండు:
"ఎందుకొచ్చినవ్ తాతా?"

"పర్యటన" అన్న.

ఆధార్ కార్డుందా అన్నడు.