అసలుతో సరిచూడబడినది

పర్లాకిమిడి రిజిస్ట్రారాఫీసు బయట
నలభై ఏళ్లుగా నా బల్ల. కాళ్లు మూడు, నాలుగోది ఇటుక.
దస్తావేజుకి నకలు తీసి చివర్న రాస్తాను:
అసలుతో సరిచూడబడినది.
నిజంగా చూసేది మధ్యాహ్నం దాకానే.
ఆ తర్వాత కళ్లు నమ్మేస్తాయి.

మా ఇంటిపేరు కొప్పల.
సెటిల్మెంటు నాటి ఒడియా గుమాస్తా విన్నది విన్నట్టే రాశాడు.
వాళ్ల 'క'లో ఒత్వం పుట్టుకతోనే ఉంటుంది, వేరే పెట్టక్కర్లేదు.
తిరిగి తెలుగులోకి దించిన మనిషికి కనబడింది ఉత్త క.
కప్పల.
ఎవరూ తప్పు చేయలేదు. తప్పు మాత్రం జరిగింది.
బళ్లో బెకబెకమన్నారు, ఊరుకున్నాం.
శిస్తు రసీదు దాని మీదే, రేషన్ కార్డు దాని మీదే.
ఇప్పుడు దిద్దితే
ఎకరం ముప్పై సెంట్లు ఎవరివో తేలదు.

మా వదిన తవిటమ్మది అడ్డసుట్ట.
నిప్పు నోట్లోకి, చల్లటి కొస బయటికి.
"నాట్లేసినప్పుడు వానకారదు మరిదీ,
సంకలో గుంట మీద నిప్పు రాలదు."

బరంపురం పెద్దాసుపత్రిలో బెహరా డాక్టరమ్మ
అంగిట్లోకి లైటు వేసి, చాలాసేపు చూసి,
మ్యుటేషన్ అంది.
నాకు తెలిసిన మాటే. చనిపోయినవాడి పేరు తీసి
బతికున్నవాడి పేరెక్కించడం. తహసీలుకు రోజూ నాలుగు రాస్తాను.
ఆవిడ నవ్వలేదు. నా పనేమిటో అడిగి, నా మాటల్లోనే చెప్పింది:

కణం చీలిన ప్రతిసారీ మూడొందల కోట్ల అక్షరాలకు నకలు.
వెనకే దిద్దేవాళ్లుంటారు. అయినా ఒకటీ అరా జారిపోతుంది.
చాలావాటితో అర్థం మారదు,
పాత కాగితంలో పురుగు తిన్న చోటులా పడుంటాయి.
నిప్పు రోజూ ఒక పొరను కాల్చింది.
కాలిన చోట కొత్త పొర. కొత్త పొరంటే మళ్లీ నకలు,
పొగలో, తడారని సిరా మీద, తొందరగా.
ఏదో ఒక పూట, వదినకి నలభయ్యో యాభయ్యో, తేదీ లేదు,
"ఇక చాలు" అన్న వాక్యంలో ఒక అక్షరం పోయింది.
ఆ కణం ఆగలేదు.
పక్కవి మాడిన వేడికి అది మాడలేదు.
దాని పిల్లలకు అదే అసలు.
తర్వాతెప్పుడో దిద్దేవాడి పేరే చెరిగిపోయింది.

"ఏటన్నాది ఆయమ్మ?"
అచ్చరం తప్పిందంట వదినా.
"అయితే నువ్వు దిద్దలేవేటి?"

అంగిలి సగం తీశారు.
అంచుల్లో, చూపుకి బాగున్న చోట కూడా
పాత నకళ్లు ఉన్నాయన్నారు.
ఆషాఢం దాటలేదు.

వదిన వాటాకి మ్యుటేషన్ దరఖాస్తు నేనే రాశాను.
క దగ్గర కలం ఆగింది.
ఒక్క ఒత్వం. చిటికెలో పని.
కప్పల తవిటమ్మ, అని రాసి, కింద
ఎప్పుడూ రాసే మాట రాసి, సంతకం పెట్టాను.

గారబంద నుంచి వచ్చినాయన అప్పటికే నించునున్నాడు.
పంపకం కాగితానికి నకలు కావాలట.
బస్సుంది, తొరగా అన్నాడు.