ఆరింటి నుంచి ఎనిమిదింటి దాకా

డిసెంబరు ఆరు.
మధ్యాహ్నం మూడు కొట్టక ముందే
యోయెన్సూ మీద పొద్దు గూకింది.
ఇవాళ వీళ్ళకి జెండా పండగట.
బ్యాండు మేళం లేదు, మైకు లేదు.
వీధిలో మంచు గీకే బండి ఒక్కటే
సెలవు లేనట్టు తిరుగుతోంది.

నాకు తెలిసిన జెండా పండగకి
చెమట వాసన ఉండేది.
గంజి పెట్టిన కాలరు మెడ కోసేది.
ఎండలో బారులు తీరి
ఉపన్యాసం ఎప్పుడవుతుందా అని
బూందీ గంప వంక చూసేవాళ్ళం.
ఒక ఏడాది ముడి విడక
జెండా పైనే చిక్కుకుపోతే
డ్రిల్లు మాస్టారు స్తంభం ఎక్కారు.
దేశం అనే మాట వింటే నాకిప్పటికీ
గాల్లో వేలాడే ఆయన ఉత్తకాళ్ళే గుర్తొస్తాయి.

ఇక్కడ నేను చదివేది చెట్ల చదువు.
నిన్న ల్యాబులో పైన్ దుంగ అడ్డకోత ఇచ్చి
వలయాలు లెక్కపెట్టమన్నారు.
బెరడు నుంచి లోపలికి ఎనభై దగ్గర
నీలి నలుపు మరక,
దాని నడుమ గోరంత ఇనుము.
"యుద్ధానిది," అన్నాడు ఇల్మారి
కళ్ళద్దాలు తుడుచుకుంటూ.
"సరిహద్దు అడవుల దుంగల్ని
తడిమి చూడందే రంపం మీదికి ఎక్కించం.
పళ్ళు ఊడిపోతాయి."
చెట్టు దాన్ని బయటికి తోసెయ్యలేదు,
అరిగించుకోనూ లేదు.
చుట్టూ పెరుగుతూ పోయింది.

సాయంత్రం హిల్కా నా గది తలుపు తట్టింది.
ఇంటామె. ఎనభై ఏడేళ్ళు.
మాట పొదుపు, కాఫీ ధారాళం.
బల్ల మీద రై పిండి రొట్టెలు,
వాటి కడుపులో మెత్తటి అన్నం,
పైన వెన్నలో చిదిమిన కోడిగుడ్డు.
రొట్టెలోకి అన్నం దూరడమేమిటని
మొదట్లో నాకు నవ్వాగేది కాదు.

"పండగ ఏదీ?" అన్నాను.
కిటికీ చూపించింది.
గట్టు మీద రెండు కొవ్వొత్తులు.
ఆరు కాగానే ఒకటి తను వెలిగించి
అగ్గిపెట్టె నా చేతిలో పెట్టింది.

నేనా?
నా వీసాకింకా పధ్నాలుగు నెలలే.
మొదటి పుల్ల విరిగింది,
రెండోది చుర్రుమని ఆరింది.
ఆమె తొందరపెట్టలేదు.
మూడోది అంటుకుంది.

"ఇప్పుడేమనాలి?"
మా దగ్గరైతే గొంతు చించుకుని
ఏదో ఒకదానికి జై కొట్టాలి.
"ఏమీ అనక్కర్లేదు."
ఏమీ అనకుండా కూచున్నాం.
నాకది బొత్తిగా చేతకాని పని.

చాలాసేపటికి తనే అంది:
"ఇల్లు వదిలినప్పుడు నాకు ఏడేళ్ళు.
ఆ ఇల్లిప్పుడు గీత అవతల.
పదకొండు రోజులు నడిచాం, ఆవు కూడా.
దాని పేరు మాన్సిక్కి."
మాన్సిక్కి అంటే స్ట్రాబెర్రి లాంటి పిల్ల అట.
"రెండో కొవ్వొత్తి దానికా?" అని నవ్వాను.
ఆమె నవ్వలేదు.
"దారిలో దాని గిట్టలు అరిగిపోయాయి," అంది.
నా కప్పు నిండా ఉన్నా
మళ్ళీ కాఫీ పోసింది.

ఏడింటికి టీవీ పెట్టింది.
రాజధానిలో విందు,
వరసకట్టిన పెద్దమనుషులు, కరచాలనాలు.
హిల్కా గౌన్లకి మార్కులు వేసింది.
ఆకుపచ్చదానికి నాలుగు.
నాలుగంటే ఇక్కడ తప్పినట్టు.

ఎనిమిది. రెండూ తనే ఊదేసింది.
చల్లారాక సొరుగు తెరిస్తే
కిందటేటివి, ముందటేటివి,
వేలెడంత మొండి ముక్కలు.
"కరెంటు పోతే పనికొస్తాయి."

చెత్త పడేసే వంకతో బయటికి వెళ్ళాను.
సున్నాకి కింద పధ్నాలుగు.
వీధి పొడవునా కిటికీలు
ఒక్కొక్కటే చీకటి పడుతున్నాయి.
మూడో అంతస్తులో మాత్రం
ఎవరో ఆర్పడం మరిచారు.

వేళ్ళకింకా అగ్గిపుల్ల మందు వాసన.
ఏదైనా అరవాలనిపించింది.
మనిషి లేని వీధిలో
మాన్సిక్కీ, అని పిలిచాను,
పెద్దగా కాదు.
పేరు తెల్లటి ఆవిరై
నా ముఖం ముందే కాసేపు నిలబడింది.