అలుగు ఎటువైపు

రాత్రి రెండున్నర.
బెళ్ళందూరు ఆఫీసు ఆరో అంతస్తులో
ఏసీ చప్పుడు, నేను, ఓ పచ్చ చుక్క.
చుక్క పేరు నాలుగు వేల నాలుగు వందల పదిహేడు.
ఎక్కడో మంచుదేశపు సరస్సులో
జానెడు కూడా లేని సాల్మన్ పిల్ల.
పొట్ట కోసి, చింతగింజలో సగమంత యంత్రం పెట్టి, కుట్టి వదిలారు.
అది "ఉన్నాను" అన్నప్పుడల్లా
ఇక్కడ నా తెరమీద ఒకటి వెలుగుతుంది.
చుక్కల్ని గీతగా కలపడం నా పని.
గీతకు ఏడు రూపాయలు.

ఏట్లో ఉన్నన్నాళ్ళూ దానికి దారి అడిగే అవసరం లేదు.
నీళ్ళే తోసేవి.
తోక ముందుకు, మొహం వెనక్కి,
రైలు కదిలాక కూడా ప్లాట్‌ఫారం వైపే చూసేవాళ్ళలా
జారుకుంటూ వచ్చిందట.
ఒంటిమీది మచ్చలు మాసి వెండిపూత వచ్చింది.
ఉప్పు మొహం చూడనేలేదు,
ఒళ్ళు మాత్రం అప్పుడే ఉప్పుకు సిద్ధం.

అంతలో సరస్సు.
తోసేవాళ్ళు లేరు.

పదకొండు రోజులుగా చుక్కలు కలుపుతున్నాను,
ముగ్గు పడుతోంది, దారి పడటం లేదు.
రెండుసార్లు అలుగు దాకా వచ్చింది.
ఇంకో నలభై మీటర్లు.
నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.
అది వెనక్కి తిరిగింది.

టీకి దిగితే గేటు దగ్గర మునివెంకటప్ప,
మంకీ క్యాపు, రెండు సైజులు పెద్ద యూనిఫాం.
వాళ్ళ తాత వర్తూరు చెరువుకు నీరుగంటి.
ఫోన్‌లో ముగ్గు చూపించాను.
చాలాసేపు చూసి, "ఆడ గాలి ఎట్లుంది మేడం?" అన్నాడు.
గాలికో వరుస ఉంది. ఎప్పుడూ తెరవలేదు.
"చెరువు నిలిచినట్లే ఉంటాది, నిలవదు.
అలుగు కాడ చెయ్యి పెడితే
వేళ్ళ సందున నీళ్ళు పలచనయ్యేది తెలుస్తాది.
మా తాత నా చెయ్యి పట్టి ముంచేవాడు."
రోడ్డవతల నురగ, దీపాల కింద మంచంత తెల్లగా.
ఈ నీళ్ళు వర్తూరుకు, అక్కణ్ణుంచి పినాకినికి,
ఎప్పటికో కడలూరు దగ్గర ఉప్పుకు.
"నీళ్ళు పోతాయి," అన్నాడు కప్పు నలుపుతూ,
"దాంట్లో పొయ్యేవాళ్ళే లేరు."

నాలుగూ పదికి చుక్క కదిలింది.
నేరుగా. ఆగకుండా. అలుగు వైపే.
చప్పట్లు కొట్టబోయి ఆగాను.
ఇంత వేగం దానిది కాదేమో.
పెద్ద చేప కడుపులోంచైనా
యంత్రం "ఉన్నాను" అనే అంటుంది.

మూడు గడులు: వెళ్ళింది, తినేశారు, తెలియదు.
తెలియదుకు డబ్బులివ్వరు.
గాలి వరుస తెరిచి, పడమటిగాలి అని చదివి,
ఇంకాసేపు కూర్చుని,
తెలియదు నొక్కాను.

తెల్లారుజామున క్యాబ్ చెరువు పక్కన మలుపు తిరుగుతుంటే
కిటికీ దించి, వేళ్ళు విప్పి, చెయ్యి బయట పెట్టాను.
"చెయ్యి లోపల, మేడం," అన్నాడు డ్రైవరు.