ఉప్పు మార్చే వేళ

పగలంతా టైల్స్ ఫ్యాక్టరీలో
ఎవరెప్పుడు వచ్చారో, ఎప్పుడు లేచారో
లెక్కగట్టే యంత్రానికి నేనే కాపలా.
వేలిముద్ర పడకపోతే జీతం పడదు.
రోజుకి ఆరుసార్లు బాత్రూంకి వెళ్లిందని
ఎదీలియా పేరు ఎర్రగీతతో వచ్చింది ఓ నెల.
కడుపుతో ఉందని ఆమె మొగుడికి చెప్పకముందే
ఆఫీసుకి తెలిసిపోయింది.
ఆ కాగితం ప్రింటు తీసింది నేనే.

ఆ రాత్రే మొదలెట్టాను దీన్ని.
వంటింటి బల్ల మీద, చేప వాసన వదలని గుడ్డ పక్కన,
పిల్ల నిద్రపోయాక దొరికే గంటన్నరలో.
పెద్ద ఆశయమేం కాదు.
సైటుకి ఎంతమంది వచ్చారో లెక్కపెట్టాలి,
వచ్చింది ఎవరో తెలుసుకోకూడదు.
కుకీ అని ముద్దుపేరు పెట్టి
మనిషి జేబులో చీటీ దూర్చి పంపకూడదు.
అంతే.

"గుడ్డివాణ్ణి గుమ్మంలో కూచోబెట్టి
చుట్టాల్ని లెక్కపెట్టమన్నట్టుంది" అని నవ్వాడు గస్పార్.
పదకొండు నెలలు పట్టింది ఆ "అంతే"కి.

నాన్న అవైరు ఉప్పుకొటార్లలో
నలభై వేసవులు పార లాగినవాడు.
ఆయన మాటొకటి అక్కరకొచ్చింది:
ఉప్పు తేలాక, అది ఏ నీళ్లదో
ఏటిదో, కడలిదో, మొన్నటి వానదో
దేవుడు కూడా చెప్పలేడు.

అందుకని
తలుపు తట్టిన ప్రతి చిరునామాలో
గుప్పెడు ఉప్పేసి రుబ్బుతాను.
ముద్ద మిగులుతుంది, మనిషి మిగలడు.
ఈ పూటకి ఆ ముద్ద చాలు,
వీళ్లిద్దరా, ఒక్కరే రెండుసార్లా చెప్పడానికి.
అర్ధరాత్రి పాత ఉప్పు పారబోసి
కొత్త ఉప్పు.
నిన్నటి మనిషి ఇవాళ మళ్లీ కొత్త మనిషి.
నాక్కూడా.
ఆ "నాక్కూడా" రాయడానికే
అన్నిటికన్నా ఎక్కువ రాత్రులు పట్టాయి.

మొదటి గిరాకీ దోనా జుల్మీరా.
తాగుబోతుల పెళ్లాల కోసం
చర్చి వెనక గదిలో బుధవారాలు కూచుంటుంది.
"ఎంతమంది చదివారు బాబూ?"
"నలభై ఒక్కరు."
"ఎవరెవరు?"
"తెలీదమ్మా."
కళ్లజోడు తీసి తుడుచుకుంది చాలాసేపు.
"మంచిది. తెలిస్తే అందులో మా వదినుండేది.
ఆదివారం ఆమె పక్కన కూచోలేకపోయేదాన్ని."
పన్నెండు యూరోలు చిల్లరతో సహా కవర్లో పెట్టిచ్చింది.
ఇప్పటిదాకా నా రాబడి డెబ్బై నాలుగు.
సర్వరు అద్దె తొంభై.

నాన్న పోయాక ఆయన కొటారు ఫొటోలు
ఓ పేజీలో పెట్టాను. ఎవరికీ చెప్పలేదు.
అయినా రోజూ
రాత్రి రెండు దాటాక, ఒకటి.
ఒకే ఒక్కటి.

అన్న కావచ్చు.
కొటారు అమ్మిన తగువులో
తొమ్మిదేళ్లుగా మాట లేనివాడు.
లక్సెంబర్గులో లారీ నడుపుతున్నాడట,
రెండు దాటాక బండి పక్కకి ఆపుకునే మనిషి.
కాకపోతే, ఒకరికొకరు తెలియని ముప్ఫైమంది
రోజుకొకరుగా వచ్చి పోతూండొచ్చు.
నా లెక్కకి రెండూ ఒకటే.

ఒక్క లైను మారిస్తే చాలు.
ఓ వారం ఉప్పు పారబోయకుంటే చాలు.
అడిగేవాడు లేడు, చూసేవాడు అంతకన్నా లేడు.
నిన్న రాత్రి ఆ లైను రాశాను కూడా.

ఎదీలియా గుర్తొచ్చి ఆగానని
చెప్పుకుంటే బాగుండేది.
నిజానికి పిల్ల లేచి ఏడ్చింది.
భుజాన వేసుకుని జోకొట్టి, తిరిగొచ్చేసరికి
పన్నెండు దాటి మూడు నిమిషాలు.
ఉప్పు మారిపోయింది.
కర్సరు ఇంకా రెప్పలాడిస్తోంది.
ఓ చేత్తో చెరిపేశాను, ఇంకో చేతిలో పిల్ల.

రెండుంబావుకి సున్నా ఒకటైంది.

అన్న నంబరు నా ఫోన్లో ఉంది.
నువ్వేనా అని అడగొచ్చు.
ఎవరో తెలుసుకోవడానికి
ఆ ఒక్క దారే మిగుల్చుకున్నాను.
ఇంకా అడగలేదు.