రెండోసారి

మా యార్డులో పాడటమంటే
ధర పాడటమే.
ఇరవయ్యారేళ్లు పాడాను,
తేజా టిక్కీల మీదెక్కి, తాలు కాయల గుట్టల మధ్య నిలబడి,
పొద్దున ఎనిమిదింటి నించి కాటా దిగేదాకా.
ఒకటోసారి, రెండోసారి, మూడోసారి.
శ్రుతి తప్పిందని ఒక్కరూ అనలేదు.
పదిమంది తుమ్ముల పైన వినపడితే చాలు.

పోయిన మాఘంలో
పద్నాలుగు వేల దగ్గర ఆగిపోయింది గొంతు.
నోరు కదులుతోంది.
రైతు నా మొహంలోకే చూస్తున్నాడు,
"వేల ఎంత, సైదులన్నా? వేల ఎంత?"
వేళ్లతో చూపించాను.

కొత్తపేట డాక్టరు ముక్కులోంచి సన్న గొట్టం దించి
నా లోపల నాకే టీవీలో చూపించాడు.
రెండు తెల్ల తీగలు, చెరో పొక్కు.
"ఆనెకాయలు" అన్నాడు.
చెప్పుల్లేని కాళ్లకే వస్తాయనుకున్నాను.

దేవకరుణమ్మ టీచరుది
అరండల్‌పేట నాలుగో లైను, మేడమెట్ల కింద గది.
ముప్ఫై ఏళ్లు చర్చిలో క్వయరు నడిపిన మనిషి.
పాట నేర్పమనలా నేను,
అరుపు బాగుచేయమన్నా.
హార్మోనియం మూతైనా తియ్యకుండా
"పడుకో" అంది.
గచ్చు మీద వెల్లకిలా పడుకుంటే
నా చిట్టా పుస్తకమే నా పొట్ట మీద పెట్టి
"దీన్ని లేపు. భుజాలు కదిలాయో, కాఫీ లేదు."

ఊపిరి తీస్తే ఛాతీ ఉబ్బుతుంది గానీ
పుస్తకం లేవదే!
మూడు వారాలు
ఎవరెవరి బాకీలో పొట్ట మీద మోస్తూ
ఫ్యాను రెక్కలు లెక్కపెట్టాను.

తర్వాత గ్లాసెడు నీళ్లు, ఒక సోడా గొట్టం.
నీళ్లలోకి ఊదుతూ ఊ అనాలి.
ఆ పైన పెదాలు వదిలేసి బుర్రుమనాలి,
డిపోలో పాత బస్సు లేచినట్టు.
యాభై మూడేళ్లవాణ్ని.
ఎదురింటి పిల్లలు కిటికీ ఊచలు పట్టుకుని
నాతో పాటు బుర్రుమనేవాళ్లు.
వాళ్లకే ముందొచ్చింది.

గొంతు సవరించుకోబోతే చేతి మీద స్కేలు.
"గీరకు. మింగు."
గుసగుసలాడితే మళ్లీ స్కేలు.
"అది ఇంకా చేటు. మాట్లాడితే మాట్లాడు, లేదా ఊరుకో."
ఇంట్లో ఇరవై రోజులు ఊరుకున్నాను.
నాంచారి మొదటివారం సంతోషపడింది,
రెండోవారం తిట్టింది,
మూడోవారం ఒక రాత్రి పక్కన కూర్చుని
వాళ్ల నాన్న కల్లంలో పాడే పాట సగం చెప్పింది.
మిగతా సగం తనకీ గుర్తులేదు.

ఒకరోజు టీచరు రెండు వేళ్లు నా కంఠానికి ఆనించి
"ఇది గుమ్మం సైదులూ, ఇల్లు కాదు.
ఇన్నాళ్లూ సామానంతా గుమ్మంలోనే పడేసి
నువ్వే తొక్కుకుంటున్నావ్."
అప్పుడు తీసింది మూత.
కింది సా. ఇంకా కింద.
ఆవులింతని సగంలో ఆపినట్టు గొంతు తెరిచి,
వచ్చింది.
నాది కాదనుకున్నాను.
బావిలో చేద మునిగేటప్పుడు చేసే చప్పుడు లాంటిది.
గట్టిగా ఏం లేదు.
మెట్ల మీద నిద్రపోతున్న పిల్లి మాత్రం లేచి చూసింది.

ఉగాది దాటాక యార్డుకెళితే
గోడకి తెరలు బిగించి ఉన్నాయి,
ధరలు ఎర్రంకెలై పరిగెడుతున్నాయి.
"ఇక పాటల్లేవన్నా, అంతా వేళ్ల మీదే,"
గుమాస్తా కుర్రాడు బ్రహ్మేశు ఫోను చూపించాడు.
నవ్వొచ్చింది. వెనకే దగ్గొచ్చింది.
మింగాను.

ఇప్పుడు తెల్లారగట్ట అయిదింటికి,
లారీలు రాకముందు, ఘాటు లేవకముందు,
ఖాళీ షెడ్డులో నిలబడతాను.
సా పడితే రేకులు తిరిగి పంపుతాయి, కాస్త వంకరగా.
మధ్యమం దాకా సాఫీ.
పంచమం దగ్గర ఇవాళ్టికీ చీలుతుంది.
చీలినచోట ఆగి,
పొట్ట మీద లేని పుస్తకాన్ని లేపి,
మళ్లీ కింద నించి.

హమాలీ చింతయ్య టీ గ్లాసు పట్టుకొచ్చి
కాసేపు విని అడిగాడు:
"ఎంతకి పోయిందన్నా?"

ఒకటోసారి, అన్నాను.
రెండోసారి.

టీ అందుకున్నాను.