పసుపు కింద నీలం

ప్లానింగు ఆఫీసులో నాది రంగులేసే పని.
ఇళ్ళకి పసుపు, పార్కులకి పచ్చ,
చెరువులకీ వంకలకీ నీలం.
పదహారేళ్ళుగా తిరుపతి
నా కుడిచేతి కిందే పెరిగింది,
రేణిగుంట వైపు ఒక వేలు,
చంద్రగిరి వైపు ఒక వేలు చాపుకుంటా.

మొదట్లో రంగు పెన్సిళ్ళుండేవి.
నీలం మీద పసుపు ఎంత రుద్దినా
అడుగు నుంచి పచ్చగా తేలేది.
"ఇదేంది, పార్కా?" అనేవాడు పైఆఫీసరు.
నేను నోరు తెరిచేలోపు
తనే అర్థం చేసుకుని కాఫీ చెప్పేవాడు.

ఇప్పుడు కంప్యూటరు. పొర మీద పొర.
పైది కిందిదాన్ని ఆనవాలు లేకుండా మింగేస్తుంది.
అట్లా ఒక మధ్యాహ్నం
అన్నం క్యారియరు మూత తీసేలోపు
నక్కలవంక పసుపైపోయింది.
చెప్పింది ఎవరైనా, మౌసు మీద వేలు నాది.

అక్కడ లేచిన కాలనీకి నీళ్ళ పేరే పెట్టారు,
మందాకిని ఎన్‌క్లేవ్.
నలభయ్యొకటో ప్లాటు మాది.
రంగేసిన చేతికి ధర తగ్గించారనుకోవద్దు.
అందరికీ పడినంతే పడింది.
నెలకి పద్నాలుగు వేల మూడొందలు,
ఇంకా తొమ్మిదేళ్ళు.

ఆ కార్తీకంలో మూడు రోజులు కొండ కనపడలేదు.
నాలుగో రాత్రి, కరెంటు పోయినాక
వంక వచ్చింది.
గేటు తట్టలేదు. బాత్రూమ్ జాలీలోంచి
గురగురమని గొంతు సవరించుకుని
మంచం కోళ్ళు దాటింది.
మా గ్యాసు సిలిండరు తేలుకుంటా పోయి
పక్కింటి ముబీనా వాళ్ళ తలుపు కొట్టింది.
తెల్లారి మేడ మీంచి చూస్తే
కాలనీ నడుమ ఎర్రమట్టి గీత ఒకటి,
నేను చెరిపిన వంపులన్నీ
వంపులు పోకుండా.

నెలయ్యాక అభ్యంతరాల విచారణ.
టేబులు నిండా మ్యాపు.
రెండడుగుల పైపా, నాలుగడుగుల పైపా అని
గంటన్నర నడిచింది.
వెనక బెంచీలోంచి లేచాడు చెంగల్రాయప్ప,
నీరుగంటి కొడుకు, తనూ నీరుగంటే,
తన తర్వాత ఎవరూ లేరు.
మడవలు తిప్పి తిప్పి పాదాలు పారల్లాగా అయినోడు.
"కొండ యాడబ్బా?" అన్నాడు.
చూపించాం. పై అంచున రాసి ఉంది.
"రాసుండేది సరే. ఎత్తు యాడ?"

ఎవరం మాట్లాడలేదు.
కొండవైపు టేబులు కాళ్ళు రెండూ
జానెడు పైకెత్తి పట్టుకున్నాడు.
నా పెన్సిళ్ళు కదిలాయి.
బైపాసు దాటి, స్కూలు దాటి
నలభయ్యొకటో ప్లాటు మీదుగా దొర్లి
స్వర్ణముఖి దగ్గర కూర్చున్న
గుమాస్తా ఒళ్ళో పడ్డాయి.
టీ కప్పు కూడా బయల్దేరింది, ఎవరో పట్టుకున్నారు.
"నీళ్ళకి సదువు రాదు సామీ," అన్నాడు రొప్పుతా,
"వాలు మాత్రం వొచ్చు."

ఇప్పుడు కొత్త ప్లాను.
వంకకి అటు ముప్పై అడుగులు, ఇటు ముప్పై.
అందులో సిమెంటు వద్దు. గడ్డి, రెల్లు,
మునిగినా ఏడవని ఆటస్థలం.
చెరువు మొరవ కింద గుడిసె కూడా వద్దు.
ఇళ్ళు పోయేవాళ్ళకి మెట్ట మీద చోటు అని
ఒక గడి ఉంది, ఖాళీగా.
ముబీనా రోజూ అడుగుతుంది,
ఆ గడిలో ఏమైనా రాశారా అని.

నీలం వేసుకుంటా వచ్చి
నలభయ్యొకటి దగ్గర ఆగాను.
గీత మా ఇంటి మధ్యలోంచి పోతోంది.
పడగ్గది పసుపు, పొయ్యి నీలం.
ఒక గజం పక్కకి జరపడం ఎంతసేపు?
వంకనే మాయం చేసిన వేలు కదా.
టీ తాగొచ్చాను. ఇంకో టీ తాగొచ్చాను.
పొయ్యి నీలం చేశాను.

ఫైలు పైకి పోయింది. సంతకం రాలేదు.
ఈ సాయంత్రం కొండ మళ్ళీ
దుప్పటి కప్పుకుంటోంది.
చెంగల్రాయప్ప ఫోన్ చేశాడు,
"మేయ్, మొరవ పారతా ఉండాది."
బియ్యం మూట అటకెక్కించి
లోను పుస్తకం దాని మీద పెట్టాను.
జాలీ మీద రుబ్బురాయి పెట్టాను,
ఆగదని తెలిసే.