జోడు

కాటేదాన్ల బస్సు దిగంగనే ముక్కుకు తెలుస్తది
ఇయ్యాల ఏ క్రీము నడుస్తుందో.
పొద్దుగాల వనిల్లా, మాపటికి ఆరెంజ్,
నడుమల పక్క ఫ్యాక్టరీ రబ్బరు కాలిన కంపు.

నాది మూడో బెల్టు.
పొయ్యిలకెళ్లి బిస్కెట్లు బోర్ల పడి వస్తయి,
వీపు మీద బొట్టంత క్రీము పడ్తది,
ఇంకోటి వచ్చి దాని మీద ఒరుగుతది.
చేసేదంత మిషనే.
జోడు కుదిరిందా లేదా చూసుడే నా పని.
వంకర పోయినదాన్ని ఏరి డబ్బల పడేస్త.
ఎనిమిది గంటలు.
ఎంత కడిగినా వేళ్ల సందుల చక్కెర పోదు,
బస్సుల రాడ్డు పట్టుకుంటే చెయ్యి అతుక్కుంటది.

అందుకేనేమో,
ఎవరెట్ల తింటరో చూసే పిచ్చి పట్టింది నాకు.

ఆరాంఘర్ కాడ ఎక్కిన ఇంటర్ పోరడు
ఒకటెంక ఒకటి నోట్లె వేసుకున్నడు,
ఫోన్లకెళ్లి తల ఎత్తలే.
ఇప్పి చూడలే, నాకి చూడలే.
నా పానం ఉసూరుమన్నది.

మా లైన్ల జహీదా నిలువునా చాయ్‌ల ముంచుతది.
క్రీము కరిగి మీద నూనె చుక్కలు తేలుతయి.
"చాయ్ ఖరాబ్, బిస్కెట్ ఖరాబ్, దిల్ ఖుష్" అంటది,
అడుగుకు దిగిన ముద్దను వేలు పెట్టి తీస్కుంట.

సూపర్వైజర్ మాణిక్‌రావు సారుకు షుగరు.
క్రీమంత చాకుతోని గీకి కాగితానికి రాసి
ఉత్త రెక్కలే తింటడు, మా అందరి ముంగట.
ఆ కాగితం మాత్రం
చెత్తడబ్బల ఒక్కనాడు కనవడలే.

ఇంకో ముచ్చట చెప్త, ఎవ్వరికి చెప్పకుండ్రి.
తిప్పి ఇప్పితే క్రీము సగం సగం పంచుకోదు.
ముందుగాల ఎవరి వీపు మీద పడ్డదో
వాళ్లనే పట్టుకొని ఉంటది.
వెనుకొచ్చిన రెక్క ఉత్త చుట్టం.
ప్యాకెట్ల అన్నీ ఒకే దిక్కు మొఖం పెట్టి నిలవడ్తయి,
ఒక్కటి ఇప్పితే తతిమ్మయన్నీ తెలిసినట్టే.

ఈ ఇకమతు తోనే
నా బిడ్డ ధరణిని మూడేండ్లు ఓడగొట్టిన.
"ఏ రెక్క నీది? చెప్పు తొందరగ."
చెప్తది. తప్పు చెప్తది.
ఓడినోళ్లకు ఉత్తది.
మూతి ముడుచుకొని దాన్నే కొరుక్కుంట
నేనేదో మంత్రం వేసినట్టు చూస్తది.
నాకా, ఆ వాసనకే కడుపు నిండిపోయి ఉంటది,
క్రీము రెక్క గూడ మళ్ల దానికే ఇస్త.
ఇస్తనని దానికి ఎరుకే.
అయినా ఓడినందుకు ఏడుస్తది.

మొన్న రెండో షిఫ్టు.
ఇల్లు చేరేసరికి పదకొండు దాటింది.
మైలార్‌దేవ్‌పల్లిల కరెంటు లేదు.
అన్నం గిన్నె మీద మూత,
మూత నడిమిట్ల ఒక్కటే ఒక్క బిస్కెట్.
పోరి గోడ దిక్కు తిరిగి పండుకున్నది.
నా కోసం దాసిందని
లోపల్లోపల జర మెత్తగయిన.

చేతుల తీస్కున్న.
తేలిగ్గున్నది.
రోజుకు ఎన్ని వేలు పట్టుకునే వేళ్లు ఇవి,
వీటికి తూకం చెప్పాల్నా?

ఇప్పిన.
లోపట ఏం లేదు.
రెండు దిక్కుల నున్నగ,
దువ్వెన గీసినట్టు సన్నగ పండ్ల గీతలు.
ఉమ్మి తడితోని అంటించింది.

దుప్పటి కింద
నవ్వు నొక్కిపెట్టుకుంటున్న చప్పుడు.

దొంగపోరీ అందామని నోరు తెరిచి, ఆగిన.
ఫోను లైటు కింద రెండు రెక్కలు
మళ్ల జోడిచ్చి చుట్టూ తిప్పి చూసిన.
అంచుకు అంచు, పువ్వుకు పువ్వు,
ఎక్కడ ఇంత వంకర లేదు.

మా బెల్టు మీద వచ్చి ఉంటే
పోనిచ్చేదాన్నే.